కరీబియన్ కథల్లో తల్లీకూతుళ్లు: 'గర్ల్' దగ్గరే ఆగిపోయాం, ముందుకెలా?

తంగేడుపూలు అడిగారు:

ఇంగ్లీషు మూలం చదివి తెలుగులో మాట్లాడుకునే చిన్న పఠనబృందం కోసం అడుగుతున్నాను. నాలుగు సమావేశాలు, ఒక్కోటి గంటన్నర. అంశం కరీబియన్ కథానికల్లో తల్లీకూతుళ్లు. మొదటిదానికి జమైకా కిన్‌కెయిడ్ 'గర్ల్' పెట్టుకున్నాం. చదవడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. ఇరవై నిమిషాల్లో 'తల్లి గయ్యాళి, పిల్ల పాపం' అని తీర్పు వచ్చేసింది. ఆ తర్వాత ఎవరి అమ్మ ఎన్ని ఆంక్షలు పెట్టిందో చెప్పుకోవడంతోనే సరిపోయింది. కథ పక్కకి పోయింది.

అదే కథని మళ్లీ తీసుకుని సరిగ్గా చదవాలంటే ఎక్కడ పట్టుకోవాలి? మిగిలిన మూడు సమావేశాలకి ఏ కథలు పెడితే ఒకదాన్నొకటి అందుకుంటాయి? నవలలు వద్దు. ఇంకో ఇబ్బంది, కొన్ని మాటలకి తెలుగు చెప్పబోతే తలో దారి పట్టాం: స్వీట్ ఆయిల్, బెన్నా, డషీన్, పైగా తల్లి మాటిమాటికీ వాడే ఆ తిట్టు.

మునగచెట్టు:

తీర్పు అంత తొందరగా వచ్చిందంటే, తల్లి ఏం అందో విన్నారు గానీ ఆ కథలో ఎవరికి ఎంత నోరుందో చూడలేదు. దీన్ని లెక్కపెట్టి చదవాలండీ. నిజంగానే, పెన్ను పట్టుకుని.

ముందు కొలతలు. 1978 జూన్ 26 నాటి న్యూయార్కర్ పత్రికలో వచ్చింది, 1983లో 'ఎట్ ద బాటమ్ ఆఫ్ ద రివర్' సంపుటిలో చేరింది. ఇంగ్లీషులో దాదాపు 650 మాటలు. మొత్తం ఒకే వాక్యం, మధ్యలో అన్నీ సెమికోలన్లే. అందులో కూతురు నోరు విప్పేది రెండేసార్లు. ఆ రెండూ పుస్తకంలో ఏటవాలు అక్షరాల్లో ఉంటాయి.

మొదటిది చూడండి. తల్లి అడుగుతుంది, ఆదివారం బడిలో బెన్నా పాడుతున్నావట, నిజమేనా అని. పిల్ల జవాబు వెంటనే రాదు. మధ్యలో తల్లి అయిదు మాటలు చెప్పేస్తుంది: ఎదుటివాళ్లకి వెగటు పుట్టకుండా తినాలి, ఆదివారం నడక పద్ధతిగా ఉండాలి, బెన్నా పాడకూడదు, రేవు కుర్రాళ్లతో దారి చెప్పడానికైనా మాట్లాడకూడదు, వీధిలో పళ్లు తింటే ఈగలు వెంటపడతాయి. అప్పుడు గానీ పిల్ల 'నేను ఆదివారాలు పాడనే పాడనే' అని అందుకోలేదు. అంటే ప్రశ్న అడిగిన మనిషి జవాబు కోసం ఆగలేదు. పైగా జవాబు వచ్చాక దాన్ని పట్టించుకోలేదు కూడా. వెంటనే బొత్తాం కుట్టడంలోకి వెళ్లిపోయింది.

ఆ బొత్తం దగ్గరే ఆగండి. కథకి మడత బందు అక్కడుంది. దానికి ముందు దాదాపు అన్నీ 'చెయ్యి', 'చెయ్యకు'. తెల్లబట్టలు సోమవారం, రంగుబట్టలు మంగళవారం, ఎండలో బోడితలతో తిరగకు. బొత్తం దగ్గర్నించి 'ఇదిగో ఇలా' మొదలవుతుంది: కాజా ఇలా, అంచు ఇలా, నాన్న ఖాకీ చొక్కా ఇస్త్రీ ఇలా, ఊడ్చేది ఇలా, నచ్చనివాళ్లని చూసి నవ్వేది ఇలా. ఆజ్ఞ ఒక రంగుతో, నేర్పడం ఇంకో రంగుతో గీసుకుంటూ పొండి. పేజీ మొదట్లో ఒక రంగు, తర్వాత రెండోది కమ్ముకోవడం కళ్లకి కనిపిస్తుంది. మధ్యలో ఒక్కచోట 'వద్దు'లు గుంపుగా తిరిగొస్తాయి: గోళీలాటకి గొంతుక్కూర్చోకు, ఊళ్లోవాళ్ల పూలు కోయకు, నల్లపిట్టని రాయిపెట్టి కొట్టకు, అది పిట్ట కాకపోవచ్చు. ఆ చివరిది ఒబియా, అక్కడి మంత్రతంత్రాలు. వలస ప్రభుత్వం చట్టం పెట్టి నేరమన్నదాన్ని ఈ తల్లి బట్టలుతకడంతో పాటు చెప్పేస్తోంది.

ఆ తర్వాత వచ్చే వరస ఇంకా ముఖ్యం. బ్రెడ్ పుడ్డింగ్, డుకోనా, పెప్పర్ పాట్, జలుబు మందు, కడుపు పోగొట్టుకునే మందు, చేప పట్టడం. అయిదోదాని దగ్గర గొంతు మారదు. జలుబు మందు చెప్పిన గొంతే. 'తిట్టే తల్లి' అనుకుని చదివితే ఈ మాట జారిపోతుంది. ఏం తిట్టి ఏం లాభం, పిల్ల రేపు ఇబ్బందిలో పడితే ఏం చెయ్యాలో కూడా తనే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు. ఇంత చెప్పిన మనిషిని గయ్యాళి అని ఒక్క మాటతో కొట్టేయలేం. కొంగున దాచుకునే తల్లి అని వెనకేసుకురావడమూ కుదరదు. తిట్టు మూడుసార్లుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

నాన్న ఎక్కడున్నాడో కూడా గీసుకోండి. ఒక ఖాకీ చొక్కా, ఒక ఖాకీ పంట్లాం. అంతే.

ఇక ముగింపు. రొట్టె తాజాగా ఉందో లేదో నొక్కి చూడు అంటుంది తల్లి. 'రొట్టెలవాడు ముట్టుకోనివ్వకపోతే?' ఇది కూతురి రెండో మాట, మొత్తం కథలో తల్లి విన్న ఒకే ఒక్క మాట. విని ఎదురు ప్రశ్న వేస్తుంది: ఇంత చెప్పాక కూడా రొట్టెలవాడు దగ్గరికి రానివ్వని మనిషివే అవుతావా అని. కథ ప్రశ్న మీద ఆగిపోతుంది. రొట్టె ముట్టుకోగలగడం అంటే ఊళ్లో పరువు. అంగట్లో సరుకు చేత్తో పట్టి చూసే చొరవ ఎవరికుంటుందో, ఎవరికుండదో తల్లికి తెలుసు.

చేసి చూడాల్సింది ఒకటే. ఇద్దరి చేత పైకి చదివించండి, నాలుగైదు నిమిషాల పని. కూతురి గొంతు చదివేవాళ్లు తమ రెండు మాటలూ తల్లి గొంతు ఆగకుండానే మధ్యలో దూర్చాలి. జవాబు ఎంత ఆలస్యమైందో అప్పుడు చెవికి తెలుస్తుంది.

అరుగుమీద:

మాటల సంగతి నేను చెప్తాను. కథలో మాటలు తప్పు పడితే తల్లి మనిషే మారిపోతుంది.

స్వీట్ ఆయిల్ 'తియ్యనూనె' కాదు. ఆలివ్ నూనెకి అటువైపు ఆ పేరుంది. తెలుగులో చక్కగా 'మంచినూనె' అనొచ్చు, మాట తీరు కూడా సరిపోతుంది. అది బాగా కాగాక గుమ్మడి బజ్జీలు వెయ్యమంటుంది.

స్టోన్ హీప్ చాకిరేవు బండ కాదు. పెరట్లో పేర్చిన రాళ్ల కుప్ప. సబ్బు పెట్టిన తెల్లబట్టలు దానిమీద పరిచి ఎండకి తెల్లబడనిస్తారు. 'బండకేసి బాదు' అని రాస్తే పనే మారిపోయింది. రంగుబట్టలు దండెం మీదికి ఎందుకు వెళ్లాయో కూడా అర్థం కాదు. ఎండకి రంగు వెలుస్తుంది కాబట్టి వాటిని రాళ్లమీద పరచరు.

చొక్కాగుడ్డ కొనేటప్పుడు గమ్ లేకుండా చూడమంటుంది. అది జిగురు కాదు, అంగట్లో గుడ్డ బిరుసుగా కనబడ్డానికి పెట్టిన గంజి. ఒక్క ఉతుకుతో దిగిపోయి గుడ్డ పీలికవుతుంది.

డషీన్ అంటే మన చేమ. నీళ్లు బాగా అందకపోతే తిన్నప్పుడు గొంతు దురద పెడుతుందంటుంది. చేమదుంపలో ఆక్సలేట్ సూదులుంటాయి, దురద వాటివల్లే. తెలుగువాళ్లకి ఇది వివరించక్కర్లేదు, మనం చింతపండు వేసి తగ్గిస్తాం. 'చేమ' అని రాస్తే పాఠకుడికి గొంతులో తెలుస్తుంది, 'డషీన్' అని ఉంచేస్తే ఏదో విదేశీ కూర అనుకుంటాడు. బెండ ఇంటికి దూరంగా వెయ్యమనేది ఎర్రచీమలు చేరతాయని. సాల్ట్ ఫిష్ మాత్రం మన ఎండుచేప కాదు, ఉత్తర అట్లాంటిక్ నుంచి ఉప్పులో ఊరేసి వచ్చే కాడ్ అనే సముద్రపు చేప. తోటల్లో బానిసలకి తిండిగా నాసిరకం కాడ్ దిగుమతి చేసేవాళ్లు. బానిసత్వం పోయినా ఆ రుచి వంటింట్లో ఉండిపోయింది. రాత్రంతా నానబెట్టమనేది ఆ ఉప్పు దిగడానికే. 'ఉప్పుచేప' అనండి, చాలు.

డుకోనా అంటే చిలగడదుంప తురుము, కొబ్బరి, చక్కెర, పిండి కలిపి అరటాకులో చుట్టి ఉడికించేది. పేరు అలాగే ఉంచాలి. పెప్పర్ పాట్ అని ఇంటర్నెట్‌లో వెతికితే గయానా మాంసం పులుసు బొమ్మలొస్తాయి, కర్రపెండలం రసంతో నల్లగా ఉంటుంది. కిన్‌కెయిడ్ పుట్టిన ద్వీపం ఆంటిగ్వాది వేరు. ఆకుకూరలు, బెండ, ఉప్పు పట్టించిన మాంసం వేసి చిక్కగా కాచేది.

బెన్నా ఆంటిగ్వా జానపదం. ఒకరు అందిస్తే మిగతావాళ్లు అందుకునే పాట, ఊరి గుట్టు రట్టు చేసే పాట. 'పాటలు' అని రాసేస్తే తల్లికి పాటలంటేనే గిట్టదు అనిపిస్తుంది. పేరు ఉంచి, 'రచ్చబండ పాట' అన్న ఛాయ ఎక్కడో ఒకచోట తగిలిస్తే సరి.

'చిన్న గుడ్డలు' విప్పిన వెంటనే నానబెట్టమనే చోట విడమరిచి చెప్పకండి. తల్లి అక్కడ పేరు పెట్టలేదు, మనమెందుకు పెట్టాలి?

వాక్యం గురించి ఒక్క ముక్క. ఇంగ్లీషులో 'ఇలా' అన్న మాట ప్రతి ముక్కకీ తలలో వస్తుంది, డప్పు దెబ్బలాగా. తెలుగులో క్రియ చివర పడుతుంది కాబట్టి దెబ్బ తోకలోకి జారుతుంది. 'బొత్తాము కుట్టు విధానము ఇది' అంటే వంటల పుస్తకం. 'ఇదిగో, బొత్తాం ఇలా కుట్టాలి. ఇదిగో, కాజా ఇలా తియ్యాలి' అంటే దెబ్బ ముందే పడుతుంది, చూపిస్తున్న చెయ్యి కూడా కనబడుతుంది. 'ఉతకవే, ఊడ్చవే' అని మాత్రం వద్దు. 'వే' తగిలించగానే అది ముద్దో విసుగో తేలిపోతుంది. మూలంలో అది తేలకపోవడమే అసలు సంగతి.

తిట్టుకి 'తిరుగుబోతు' వాడతాను. పచ్చి బూతు పెడితే సంభాషణ అక్కడే తెగిపోతుంది. ఈ తల్లి ఆ మాట అనేసి గౌను అంచు కుట్టడం చూపిస్తుంది.

మానేరువొడ్డు:

'తిరుగుబోతు' అంటే మెత్తగైతది. తల్లిని మీరే కాపాడినట్టు. మూడుసార్లున్న మాట మూడుసార్లూ గుచ్చుకోవాలె. 'బజారుది' అనుండ్రి. మన ఇండ్లల్ల తల్లులు అనే మాటనే, 'బజారుదాని లెక్క నడవకు' అని. ఈ కథల నడక, వీధిల తినుడు, గౌను అంచు, అన్నీ బజారుల నలుగురి కండ్లకు సంబంధించినవే కద.

ఇంకో తకరారు. ఈ కథ ఎక్కడ చెప్పినా 'తల్లి అంటే ఇంగ్లండు, బిడ్డ అంటే ఆంటిగ్వా' అని మొదలు పెడ్తరు. కథ వచ్చింది 1978ల, ఆంటిగ్వాకు స్వాతంత్య్రం వచ్చింది 1981ల, కాబట్టి ఆ మాటల పస లేకపోలేదు. టీకి బల్ల ఎట్ల సర్దాలె, పెద్దమనిషి భోజనానికొస్తే ఎట్ల సర్దాలె అనే వరస చూస్తే అది దొరల ఇంటి చదువే. గని బెండ, చేమ, ఒబియా, కడుపు మందు? అవి ఇంగ్లండు నేర్పినయి కాదు. రెండు చదువులు ఒక్క నోట్ల కలిసి ఉన్నయి. గీత పెట్టి విడగొడితే తల్లి సగమే మిగుల్తది.

అరుగుమీద:

'బజారుది' ఒప్పుకున్నాను. మూడుచోట్లా పెట్టి చదివి చూశాను, అంచు దగ్గర మరీ బాగా పడింది.

ఉప్పుటేరు:

మిగతా కథల సంగతికొస్తాను. పైన 'ఎవరికి ఎంత నోరుంది' అన్నారు కదా, కథలు ఎంచుకోవడానికీ అదే కొలత పెట్టుకోండి. మన దగ్గర కథ చెప్తుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి, లేకపోతే చెప్పేవాళ్లు ఆగిపోతారు. హైతీలోనూ అంతే. చెప్పేవాళ్లు 'క్రిక్?' అంటారు, వినేవాళ్లు 'క్రాక్!' అంటే గానీ కథ మొదలు కాదు. హైతీ రచయిత్రి ఎడ్విజ్ డాంటికా 1995లో తెచ్చిన సంపుటి పేరే అది. తొమ్మిది కథలు, చివర ఒక ఉపసంహారం.

అందులోంచి 'నైన్‌టీన్ థర్టీ-సెవెన్' తీసుకోండి. 1937 అక్టోబరులో పక్కదేశం డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహియో సైన్యం సరిహద్దు వెంబడి వేలమంది హైతీయుల్ని చంపించింది. కథలో జోసెఫీన్ తల్లి ఆ రాత్రి నిండు గర్భిణి. నది ఈది ఇవతలికొచ్చింది, ఆమె తల్లి అవతలి ఒడ్డునే చనిపోయింది. జోసెఫీన్ పుట్టింది ఆ రాత్రే. ఆ నది పేరు మాసకర్, అంటే ఊచకోత. 1937 వల్ల వచ్చిన పేరు కాదు, అంతకు చాలా ముందు నుంచీ ఉంది. చాలామంది ఇక్కడ పొరబడతారు.

కథ జరిగేది చాలా ఏళ్ల తర్వాత, పోర్ట్-ఓ-ప్రిన్స్ జైల్లో. తల్లిని లూగరూ అని, అంటే రాత్రిపూట నిప్పు రెక్కలతో ఎగిరే మంత్రగత్తె అని జైల్లో పెట్టారు. ఖైదీలకి తల గొరుగుతారు. ఒంట్లో వేడి పెరిగి రెక్కలు మొలవకుండా రాత్రిళ్లు ఒకరిమీద ఒకరు చన్నీళ్లు పోసుకోవాలి. జైలు కట్టింది అమెరికన్ మెరైన్లు. 1915 నుంచి 1934 దాకా హైతీ అమెరికా చేతిలో ఉంది, ఆ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే చాలు.

ఈ కథలో నోరు లేనిది కూతురికి. చూడ్డానికి వెళ్తుంది, ఎదురుగా కూర్చుంటుంది, మాట రాదు. తల్లి మాట్లాడుతుంటే కూడా. చివరికి అడిగే ప్రశ్న: 'నువ్వు ఎగిరావా?' దీన్ని అమాయకత్వం అనుకుంటే కథ పోయినట్టే. ఆ రాత్రి నది దాటిన ఆడవాళ్లకి తాము ఎలా బతికి బయటపడ్డారో చెప్పుకోవడానికి ఎగరడం తప్ప వేరే మాట లేదు. అదే మాట జైలువాళ్ల నోట్లో నేరమైంది. ఒక పదం ఇంట్లో ప్రాణం నిలిపింది, బయట ప్రాణం తీసింది. సమావేశం మొత్తం దీనిమీద నడపొచ్చు.

నది దగ్గరికి ఏటా వెళ్లే ఆ ఆడవాళ్లకి ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టే ప్రశ్నోత్తరాలున్నాయి. ఎవరు నువ్వు అంటే ఇదీ జవాబు అని. జోసెఫీన్ ఆ జవాబులు చెప్పే చోటు వెతికి పట్టుకుని, దాన్ని 'గర్ల్'లో అయిదు మాటలు ఆలస్యమైన జవాబు పక్కన పెట్టండి. ఇక్కడ పిల్లకి జవాబు ముందే నేర్పి పెట్టారు, వేళకి వచ్చేసింది. తల్లి మాత్రం దాన్ని వినేలా ఉందా లేదా అన్నది చదివి మీరే చూడండి.

విగ్రహం కంట నీరు దగ్గర జాగ్రత్త. మేరీమాత బొమ్మ ఏడవడం మహిమ కాదు, మైనం, నూనెతో తల్లి చేసిన ఉపాయం. కూతురికీ తెలుసు. తెలిసి కూడా ఆ కన్నీటికి విలువ ఇస్తుంది. 'మాయా వాస్తవికత' అని చీటీ అంటించేస్తే ఈ చేతిపని కనబడదు.

అదే సంపుటిలో 'న్యూయార్క్ డే విమెన్' చిన్నది, దానికి సరైన జోడు. ఆఫీసు భోజన విరామంలో సుజెట్‌కి మాన్‌హాటన్ వీధిలో తల్లి కనబడుతుంది. ఇల్లు బ్రూక్లిన్‌లో. పిలవదు, వెనకాలే నడుస్తుంది. తల్లి సెంట్రల్ పార్కు దాకా వెళ్లి ఎవరో బిడ్డని ఆడించే పనిలో చేరుతుంది. పేజీ మీద కూతురి నడక ఒక ముక్క, తల్లి ఎప్పుడో అన్న మాట ముద్దక్షరాల్లో ఒక ముక్క, మారిమారి వస్తాయి. ఇద్దరి మధ్యా ఒక్క సంభాషణ కూడా జరగదు. కానీ తల్లి మాట్లాడుతూనే ఉంటుంది, కూతురి తలలో. స్కూలు సమావేశాలకి తల్లి ఎందుకు రాలేదో చెప్పే చోట కూతురి సిగ్గు దొరుకుతుంది. అక్కడ తొందరపడి దాటెయ్యకండి.

తంగేడుపూలు:

చాలా ఉపయోగపడింది. రెండు సందేహాలు. కిన్‌కెయిడ్‌దే 'యానీ జాన్' నవల కదా, దానిలోంచి ఒక అధ్యాయం పెట్టుకోవచ్చా అని ఒకరన్నారు. ఇంకొకరు కరీబియన్‌లో తెలుగువాళ్లున్నారు, ఆ కథ ఒకటి పెడదాం అంటున్నారు.

మునగచెట్టు:

పెట్టుకోవచ్చు. 'యానీ జాన్' 1985లో పుస్తకంగా వచ్చింది గానీ అందులో ముక్కలు ముందు న్యూయార్కర్‌లో కథలుగా వచ్చినవే. 'ద సర్క్లింగ్ హ్యాండ్' ఒక్కటీ విడిగా నిలబడుతుంది, 'గర్ల్'కి అది వెనకింటి కథ. అక్కడ ముందు ప్రేముంది. తల్లీకూతుళ్లు చెట్ల బెరళ్లు, పూలు వేసి కాచిన నీళ్లతో కలిసి స్నానం చేస్తారు. తల్లి పదహారేళ్లప్పుడు డొమినికా నుంచి తెచ్చుకున్న పెట్టె ఉంటుంది. ఇప్పుడందులో పిల్ల చిన్నప్పటి వస్తువులున్నాయి. తల్లి ఒక్కోటి తీసి దాని కథ చెప్తుంది. (డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. రెండు కథలూ పక్కపక్కన చదివేటప్పుడు ఇది కలగాపులగం అవుతుంది.)

తెగేది గుడ్డ దగ్గర. ఇద్దరూ ఒకే తాను గుడ్డ కుట్టించుకునేవాళ్లు. పన్నెండేళ్లు వచ్చాక ఒకరోజు అంగట్లో, పియానో వాయిస్తున్న మనుషుల బొమ్మలున్న గుడ్డ పిల్లకి నచ్చుతుంది. ఇక నీ గుడ్డ నీది, నా గుడ్డ నాది, నువ్వు ఎల్లకాలం చిన్న నేనులా తిరగలేవు అంటుంది తల్లి. గొడవ లేదు, అరుపు లేదు. కథ పేరులోని చెయ్యి ఆ తర్వాత వస్తుంది. బహుమతి పత్రం చూపించాలని ఆదివారం బడి నుంచి పరిగెత్తుకొస్తే, గదిలో నాన్న వీపు మీద గుండ్రంగా తిరుగుతున్న తల్లి చెయ్యి కనిపిస్తుంది. ఆ చేతిని పిల్ల ఎంత వికారంగా వర్ణిస్తుందో చూడండి, ఎముకల చెయ్యిలాగా. చెయ్యి మారలేదు, అదే స్నానం చేయించిన చెయ్యి. దీన్ని 'వయసొచ్చిన పిల్ల అసూయ' అని ముగించకుండా, ముందు పేజీల్లో తల్లి చేతుల్ని ఎలా చెప్పిందో వెనక్కి వెళ్లి పక్కన పెట్టి చదివించండి.

పాతపేజీ:

తెలుగు చుట్టరికం నిజమే, కానీ ఈ కథల్లో కాదు. 1838లో గయానాకి కూలి ఓడలు మొదలయ్యాయి, ఆ పద్ధతి ఆగింది 1917లో. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లని అక్కడ 'మద్రాసీలు' అన్నారు. వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అది వేరే సమావేశం. ఆంటిగ్వా, హైతీ, జమైకా కథల్లో మన వాళ్లని వెతక్కండి.

మీ పట్టికలో జమైకా లేదు, అది లోటు. అక్కడి రచయిత్రి ఆలివ్ సీనియర్‌ని పెట్టాలి. మొదటి సంపుటి 'సమ్మర్ లైట్నింగ్' 1986లో వచ్చి మరుసటేడు కామన్వెల్త్ బహుమతి తెచ్చుకుంది. అందులో 'బ్రైట్ థర్స్‌డేస్' ఉంది. నల్లటి పేద తల్లి మిస్ మర్టిల్ తన కూతురు లారాని తండ్రి తరఫు పెద్దింటికి పంపేస్తుంది, పిల్ల పైకి రావాలని. ఇక్కడ తల్లి చేసే పని పంపెయ్యడమే, కథంతా ఆమె లేనిచోట నడుస్తుంది. జమైకా కుటుంబాల మీద 1957లో ఈడిత్ క్లార్క్ రాసిన పరిశోధన పేరు 'మై మదర్ హూ ఫాదర్డ్ మి'. తండ్రి పని కూడా తల్లే చేసే ఇళ్ల గురించి అది. లారా కథకి ఆ పేరు ఒక్కటే చాలినంత ఉపోద్ఘాతం.

ఒక్క కథకే చోటుంటే మాత్రం 1989 నాటి 'అరైవల్ ఆఫ్ ద స్నేక్-వుమన్' సంపుటిలోని 'ద టూ గ్రాండ్‌మదర్స్' పెట్టండి. ఇది 'గర్ల్'కి తిరగేసిన చొక్కా. కథంతా కూతురే మాట్లాడుతుంది, 'మమ్మీ' అని పిలుస్తూ. తల్లి గొంతు ఒక్కసారి కూడా నేరుగా వినబడదు. ఏమని జవాబిచ్చి ఉంటుందో పిల్ల మాటల్లోంచే పట్టుకోవాలి. పల్లెలో ఉండే గ్రాండ్‌మా డెల్, పట్నంలో గ్రాండ్‌మా ఇలెయిన్. మొదటి ముక్కల్లో పిల్లకి పల్లె నాయనమ్మే లోకం. ముక్కముక్కకీ వయసు పెరుగుతుంది, జుట్టు, ఒంటిరంగు గురించిన మాటలు చెవినబడతాయి. చివరికొచ్చేసరికి పల్లెకి వెళ్లాలంటే ముఖం చిట్లిస్తుంది. ఎక్కడ మారిందో చూపించమని బృందాన్ని అడగండి. ఒక్కచోట వేలు పెట్టలేరు. పిల్ల మాటల తీరు మారుతూ పోవడం మాత్రం గమనిస్తారు. తల్లి మౌనాన్ని నింపే కసరత్తు కూడా చేయించొచ్చు: ప్రతి ముక్క తర్వాత తల్లి అనిఉండే ఒక్క వాక్యం తెలుగులో రాయడం. పదిమంది రాస్తే పది రకాల తల్లులు తేలతారు.

మూడు తరాలు కావాలంటే రచయిత్రి పాల్ మార్షల్ 1967 కథ 'టు డా-డూ, ఇన్ మెమోరియమ్'. బ్రూక్లిన్ నుంచి తొమ్మిదేళ్ల పిల్ల బార్బడోస్‌లో అమ్మమ్మ దగ్గరికి వెళ్తుంది. ఓడ దిగగానే జరిగేది చూడండి. అంత గట్టి మనిషి అమ్మ కూడా అమ్మమ్మ ఒక్క మాటకి పిల్లలా అయిపోతుంది. తల్లీకూతుళ్ల సంబంధాన్ని ఒక మూడో మనిషి, అదీ మనవరాలు, పక్కనుంచి చూడ్డం వేరే కథల్లో ఇంత సూటిగా దొరకదు. ఆ తర్వాత అమ్మమ్మకీ మనవరాలికీ మధ్య పోటీ: ఆవిడ చెరకు తోటలు చూపిస్తే ఈ పిల్ల ఎంపైర్ స్టేట్ భవనం సంగతి చెప్పి ఓడిస్తుంది. అమ్మమ్మ చనిపోయేది 1937 అల్లర్ల రోజు, ఇంగ్లండు విమానాలు ద్వీపం మీద తక్కువ ఎత్తులో ఎగురుతుంటే. బార్బడోస్‌లో జులై, హైతీలో అక్టోబరు, ఏడాది ఒకటే. ఈ రెండు కథలూ వరసగా పెడితే ఆ తేదీ దానంతటదే మాట్లాడుతుంది.

నా వరస: 'గర్ల్' మళ్లీ, దాంతోనే 'ద సర్క్లింగ్ హ్యాండ్'. తర్వాత సీనియర్. మూడో సమావేశానికి మార్షల్, 'నైన్‌టీన్ థర్టీ-సెవెన్' కలిపి. గంటన్నర చాలదు, రెండు గంటలు పెట్టుకోండి. ఆఖర్న 'న్యూయార్క్ డే విమెన్' ఒక్కటే, పైకి చదువుతూ.

ఉప్పుటేరు:

మూడోది మార్చను గానీ, డాంటికా కథ ముందు చదివించి మార్షల్ తర్వాత పెట్టండి. జైలు కథ తర్వాత వెంటనే ఇంటికి పంపితే ఎవరూ మాట్లాడకుండా లేచిపోతారు.

మునగచెట్టు:

తంగేడుపూలు గారూ, ఒకటి అడగడం మర్చిపోయాను. మీరు చదివిన ప్రతి ఎక్కడిది? పుస్తకమా, నెట్లో దొరికిందా? నెట్లో తిరిగే చాలా ప్రతుల్లో ఏటవాలు అక్షరాలు ఎగిరిపోయాయి. అప్పుడు కూతురి రెండు మాటలూ తల్లి మాటల్లో కలిసిపోతాయి.

తంగేడుపూలు:

ఇప్పుడే తీసి చూశాను. నెట్ ప్రతే, అన్నీ ఒకే అక్షరాలు. బెన్నా పాడనన్న మాట తల్లిదేననుకున్నాం, తన చిన్నతనం గురించి చెప్తోందని ఒకరు వాదించారు కూడా. రొట్టెలవాడి ప్రశ్నయితే ఎవరూ గమనించనే లేదు. పుస్తకం ప్రతి తెప్పించి మళ్లీ మొదటినుంచి పెడుతున్నాను.